సాకుల పుస్తకం

బెజవాడలో ఆ చీరల షోరూంలో నేను ఏడేళ్లు పనిచేశాను. మొదటి రెండేళ్లు సేల్స్‌గర్ల్‌ని, తర్వాత ఐదేళ్లు ఫ్లోర్ ఇన్‌చార్జిని. అంత తొందరగా ఇన్‌చార్జివి ఎలా అయ్యావని ఎవరైనా అడిగితే, మైండ్‌సెట్ మార్చుకున్నానని చెప్పేదాన్ని. గొప్పగానే చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగరు. అడిగితే ఏం చెప్పాలో కూడా నాకు తెలియదు.

మాది పామర్రు దగ్గర పల్లె. నాన్న చేపల చెరువుల్లో మేత చల్లే పనికి వెళ్లేవాడు. అమ్మ నాట్లకీ కలుపులకీ పోయేది. నేను బీకాం సెకండ్ క్లాసులో పాసై, మూడేళ్లపాటు బ్యాంకు పరీక్షలన్నీ రాశాను. ఒక్కటీ తగల్లేదు. రిజల్ట్ వచ్చిన ప్రతిసారీ నాన్న తువ్వాలు దులుపుకుంటూ ఒకటే మాట అనేవాడు. "మనకింతే రాసిపెట్టుంది, ఊరుకోవే." చర్చిలో పాస్టరు గారు కూడా దాదాపు అదే చెప్పేవారు, కాకపోతే కొంచెం మెత్తగా. నాకు ఒళ్లు మండిపోయేది. రాసిపెట్టిన వాళ్లెవరో కనపడితే పేజీ చింపేద్దామన్నంత కోపం. ఆ కోపంతోనే ఇరవై ఆరేళ్లప్పుడు బెజవాడ వచ్చి, పటమటలో లేడీస్ హాస్టల్లో చేరి, షోరూంలో ఉద్యోగం పట్టాను.

నన్ను పట్టుచీరల సెక్షన్లో వేశారు. పని నేర్పించమని ఒకావిడకి అప్పగించారు. నలభై ఐదు దాటి ఉంటాయి ఆవిడకి. భర్త పోయాడు, కూతురు నర్సింగ్ చదువుతోంది. అందరం అక్కా అనేవాళ్లం. వన్‌టౌన్‌లో ఒక పాత బట్టల కొట్లో ఇరవయ్యేళ్లు చేసి, ఆ కొట్టు మూసేశాక ఇక్కడికొచ్చింది. ఆ కొట్లో తెల్లటి పరుపుల మీద అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లట. మా షోరూంలో పరుపులు లేవు. గాజు కౌంటర్లు. కొనేవాళ్లకి అటువైపు మెత్తటి కుర్చీలు. ఇటువైపు మాకు ఏమీ లేవు.

చీర పట్టుకోవడం దగ్గర్నుంచీ నాకు అక్కే నేర్పింది. మడత విప్పేటప్పుడు ముందు కొంగు చూపించాలని, అంచు వేలికి తగలగానే జరీ ఏపాటిదో తెలియాలని. "పెళ్లి గుంపు వస్తే పెళ్లికూతుర్ని చూడమాకు అమ్మాయ్," అనేది. "ఏం మాట్లాడకుండా ఓ పక్కన కూర్చున్న ముసలావిడ ఉంటది చూడు, ఆవిడ్ని చూడు. ఆవిడ తలకాయ ఊపితేనే బిల్లు." ఎప్పుడూ తప్పేది కాదు. నాకు మధ్యాహ్నం మెస్ అన్నం సహించకపోతే తన క్యారేజీలో గోంగూర పచ్చడి నా కంచంలో వేసేది.

అక్కకి కాళ్లనొప్పులు. మోకాలి వెనక నుంచి చీలమండ దాకా నరాలు ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగి ఉండేవి. పొద్దున్న తొమ్మిదిన్నరకి నిలబడితే రాత్రి షట్టర్ దించేదాకా నిలబడాలి. కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు, కెమెరాకి కనపడకుండా, ఖాళీ చీరల పెట్టె ఒకటి కింద వేసుకుని రెండు నిమిషాలు కూర్చునేది. అప్పుడు నేను అటూ ఇటూ చూస్తూ కాపలా ఉండేదాన్ని. ఎవరైనా వస్తున్నారంటే "అక్కా" అని మెల్లగా పిలిచేదాన్ని. కౌంటర్ అంచు పట్టుకుని లేచేది.

నేను చేరిన ఏడాదికి ట్రైనర్ వచ్చాడు. హైదరాబాద్ నుంచి నెలకోసారి వచ్చేవాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. మంచి కంఠం. షట్టర్ ఎత్తక ముందు సెల్లార్‌లో మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, చెవికి మైకు పెట్టుకుని మాట్లాడేవాడు. మొదటిరోజు ఒకటే ప్రశ్న వేశాడు.

"మీరు ఉన్నచోటే ఎందుకున్నారు?"

ఒకమ్మాయి చదువు లేదు సార్ అంది. "సాకు" అన్నాడు. ఇంకో అమ్మాయి చిన్నప్పుడే పెళ్లి చేశారు సార్ అంది. "సాకు. అందరూ గట్టిగా అనండి." అందరూ అన్నారు. ఒకావిడ మొగుడు తాగుతాడండీ అంది. అప్పుడు కూడా సాకు అనిపించాడు. ఆవిడ కూడా మాతోపాటు అంది. నా వంతు వచ్చింది. ఎందుకో నాకు నిజమే చెప్పాలనిపించింది.

"నాకు భయం సార్. ఓడిపోతానని. అందుకే ఇక్కడున్నాను."

ఆయన చప్పట్లు కొట్టాడు. "ఇదీ మైండ్‌సెట్ అంటే. ఈ అమ్మాయి తప్పు బయట వెతకలేదు, లోపల వెతికింది. రాసిపెట్టుకోండి, ఈ అమ్మాయి ఎదుగుతుంది."

నూటపాతికమంది నా కోసం చప్పట్లు కొట్టారు. నా జీవితంలో అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. రాసిపెట్టుంది ఊరుకోవే అని విని విని పెరిగినదాన్ని. నీ చేతిలోనే ఉంది అని చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆ రోజు ఆయన ఏం చెప్పినా నేను నమ్మేదాన్ని.

అందరికీ తలో నీలంరంగు అట్ట నోటుపుస్తకం ఇచ్చారు. రోజూ ఇంటికి పోయేముందు అందులో మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి. ఈరోజు ఏం సాధించాను? ఈరోజు ఏం సాకు చెప్పాను? రేపు ఏం మార్చుకుంటాను? దాని పేరు ఎదుగుదల పుస్తకం. మేమంతా సాకుల పుస్తకం అనేవాళ్లం.

అబద్ధం ఎందుకు, నాకు అది పనికొచ్చింది. హిందీ రాదనేది నా సాకని రాసుకుని, ఆరు నెలల్లో హిందీలో చీరలమ్మడం నేర్చుకున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా వచ్చే కస్టమర్లతో ఇంగ్లీషులో మాట్లాడటం నేర్చుకున్నాను. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో ట్రైనర్ వీడియో వస్తే హాస్టల్ మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చూసేదాన్ని. అమ్మకాల్లో నా పేరు పైకి పోయింది. నన్ను పట్టు ఫ్లోర్‌కి ఇన్‌చార్జిని చేశారు. నాన్నకి ఫోన్ చేసి, "చూశావా, ఏమీ రాసిపెట్టి లేదు" అన్నాను. ఆయన సంతోషించాడు. ఆ సంతోషాన్ని కూడా నేను ఆయన మీద గెలుపుగానే తీసుకున్నాను.

ఇన్‌చార్జి అయ్యాక నాకొక కొత్త పని వచ్చింది. ప్రతి శనివారం నా ఫ్లోర్‌లో వాళ్ల పుస్తకాలన్నీ తీసుకుని, చదివి, కింద ఎర్రపెన్నుతో ఒక మాట రాసి సంతకం పెట్టాలి. టీచర్‌నైపోయినట్టు ఉండేది. అక్క పుస్తకం ఎప్పుడూ ఖాళీ.

"ఏంటక్కా, ఒక్క ముక్క కూడా రాయలేదు."

"నాకు సాకులేం లేవమ్మాయ్. కాళ్లనొప్పులే ఉన్నాయి."

"అదే రాయి."

"అది సాకు కాదుగా. నొప్పి."

"నొప్పి అందరికీ ఉంటుంది అక్కా. నాకు లేదా? దాని గురించి మనం ఏం అనుకుంటామనేదే మైండ్‌సెట్. నిజాయితీగా రాయి. నిజాయితీగా రాస్తేనే ఎదుగుతావు."

"ఈ వయసులో ఎక్కడికి ఎదగమంటావే?" అని నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వులాట కాదక్కా అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి పుస్తకం తీసుకుంది.

అయిదో తరగతి చదివిన మనిషి. పెద్ద పెద్ద అక్షరాలతో, లైనుకి నాలుగు మాటలు పట్టేటట్టు రాయడం మొదలుపెట్టింది. "ఈరోజు రెండుసార్లు కూర్చున్నాను. కాళ్లు లాగినయ్." ఇంకో రోజు, "పెట్టె మీద కూర్చున్నాను. కస్టమరు వచ్చారు చూసుకోలేదు. తప్పు." ఆ "తప్పు" అనే మాట చూసి నేను ఎంత సంతోషపడ్డానో. అక్క దారిలో పడింది అనుకున్నాను. కింద ఎర్రపెన్నుతో రాశాను: "అలిసేది కాళ్లు కాదు అక్కా, మనసు. మనసుకి చెప్పు." సంతకం పెట్టి తారీఖు వేశాను.

అక్కకి నొప్పెడితే కాపలా ఉండే అమ్మాయి అప్పటికే నాలో లేదు. పెట్టె మీద కూర్చుంటే ఇప్పుడు నేనే దగ్గరికెళ్లి నిలబడేదాన్ని, ఏమీ అనకుండా. ఆవిడే లేచేది.

ఒకసారి పెళ్లిళ్ల సీజన్ ముందు అక్క నన్ను పక్కకి పిలిచింది.

"మేనేజర్ గారితో ఒక మాట చెప్పవా? కౌంటరుకి ఒక్క స్టూలు. అందరికీ వద్దు. మార్చి మార్చి కూర్చుంటాం. డాక్టరు గారు ఇట్టా నిలబడితే పుండు పడుద్దన్నారు."

"స్టూలు అడిగే మనసు అక్కడే కూలబడిపోతుంది అక్కా." అది ట్రైనర్ మాట. నా నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. "నువ్వు ముందు నేను చేయలేను అనుకోవడం మానెయ్."

మేనేజర్‌కి నేను చెప్పలేదు. చెప్పి కాదనిపించుకుంటే వేరు. అసలు చెప్పనే లేదు. అది ఆవిడకి మేలు చేయడమే అని నమ్మాను.

నేను ఇన్‌చార్జి అయిన రెండో ఏడు పెద్ద మూఢం వచ్చింది. ముహూర్తాలు లేకపోతే పట్టుచీరల ఫ్లోర్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఏసీ చప్పుడు తప్ప ఏం వినపడదు. అప్పుడే హెడ్డాఫీసు నుంచి కొత్త హెచ్.ఆర్. ఆయన వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి, ప్రతి మాటకీ అండీ అనేవాడు. నన్ను పిలిచి, "మీ ఫ్లోర్ ఎదుగుదల పుస్తకాలు ఒకసారి పంపిస్తారా అండీ" అన్నాడు. పంపించడం ఏంటి, నేనే రెండు గుడ్డసంచుల్లో పెట్టుకుని మూడో అంతస్తు దాకా మోసుకెళ్లాను. మంచిగా రాసినవాళ్లకి ప్రమోషన్లు ఇస్తారనుకున్నాను. అక్క పుస్తకం పైన కనపడేటట్టు పెట్టాను.

వారం తర్వాత ఒక్కొక్కర్నీ పిలవడం మొదలుపెట్టారు. ఇన్‌చార్జిగా నన్ను కూడా ఆ గదిలో ఉండమన్నారు. అక్క నాలుగో మనిషి. లోపలికి రాగానే హెచ్.ఆర్. ఆయన, "కూర్చోండమ్మా" అన్నాడు. అక్క కూర్చుంది. ఆ షోరూంలో ఆవిడ కుర్చీలో కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆయన పుస్తకం తెరిచాడు. పేజీల్లో పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. ఒక్కో చీటీ దగ్గర ఆగి, మెల్లగా, ఏ కోపం లేకుండా చదివాడు. ఫలానా రోజు రెండుసార్లు కూర్చున్నాను. ఫలానా రోజు పెట్టె మీద కూర్చున్నాను, కస్టమరు వచ్చారు చూసుకోలేదు, తప్పు. ఫలానా రోజు నిలబడలేక స్టోరు రూములో కాసేపు ఉన్నాను. చదువుతూనే ఉన్నాడు.

"ఇది మీ చేతిరాతేనా అమ్మా?"

"అవునండి."

"మీరే ఒప్పుకుని రాశారు. మీ ఇన్‌చార్జి గారు కూడా చూసి సంతకం పెట్టారు. డ్యూటీ టైములో కూర్చుంటున్నానని, కస్టమర్లని చూసుకోలేదని. మేం అన్నది కాదు కదండీ."

అక్క నావైపు తిరిగింది. ఆ కళ్లల్లో అప్పటికింకా భయం లేదు. నేనున్నానన్న ధీమాతోనే అడిగింది.

"చెప్పమ్మాయ్. నువ్వే కదా రాయమన్నావు."

నేను చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. రాయమన్నది నేనేనని. ఈ పుస్తకం ఇందుకు కాదని. కాళ్ల సంగతి డాక్టరు చెప్పాడని. స్టూలు అడిగితే నేను మీదాకా తీసుకురాలేదని. ఈ ఫ్లోర్‌లో చీర తెలిసిన మనిషి ఈవిడొక్కతేనని. హెచ్.ఆర్. ఆయన కూడా నావైపే చూస్తున్నాడు. బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ ఉంది. దాన్ని చూస్తూ అన్నాను.

"రాసింది నిజమే సార్."

అంతే. అక్క, ఇంటి దగ్గర ఇబ్బందుల వల్ల మానేస్తున్నట్టు ముందే టైపు చేసి పెట్టిన కాగితం మీద సంతకం చేసింది. అవే పెద్ద పెద్ద అక్షరాలు. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుంది. నేను చెయ్యి అందించబోయాను. పట్టుకోలేదు.

మా ఫ్లోర్‌లో అలా ఆరుగురు పోయారు. అందరి పుస్తకాల్లోనూ నా సంతకాలున్నాయి. తర్వాతి నెల ట్రైనర్ వచ్చి, "అనవసరమైన బరువు దిగింది, ఇక వేగం పెంచుదాం" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా. మిగిలిన అమ్మాయిలు ఆ రోజు నుంచి పుస్తకాల్లో "ఈరోజు ఏ సాకూ లేదు" అని రాయడం మొదలుపెట్టారు. రోజూ అదే ముక్క, అందరూ అదే ముక్క. నేను దాని కింద "శభాష్" అని రాసి సంతకం పెట్టేదాన్ని.

చివరికి నన్ను కూడా అలాగే తీసేశారని చెబితే వినేవాళ్లకి తృప్తిగా ఉంటుంది. అలా జరగలేదు. ఇంకా మూడేళ్లు చేశాను. జీతం పెరిగింది. పటమటలోనే రెండో అంతస్తులో ఇల్లు అద్దెకి తీసుకున్నాను. రాత్రిళ్లు హాయిగా నిద్రపోయాను. గుర్తొచ్చినప్పుడల్లా, తనే కదా రాసింది, అబద్ధమేం కాదుగా అనుకునేదాన్ని. ఆ జవాబు చాలాకాలం పనిచేసింది. గన్నవరంలో మందుల హోల్‌సేల్ ఆఫీసులో బిల్లింగ్ ఉద్యోగం దొరికితే, కనీసం ఆదివారం సెలవు ఉంటుందని మారాను. అంతకంటే పెద్ద కారణం ఏం లేదు.

నిరుడు వానాకాలం అమ్మ మోకాళ్లు డాక్టరుకి చూపిద్దామని ఊర్నుంచి తీసుకొచ్చాను. బస్సు దిగి, ఆటో దిగి, ఇంటి మెట్లెక్కుతున్నాం. మొదటి అంతస్తు మలుపులో అమ్మ రెయిలింగు పట్టుకుని ఆగింది.

"ఒక్క నిమిషం ఆగవే."

"ఆగితేనే ఎక్కువవుతుందమ్మా. నొప్పి నొప్పి అనుకోకు. ముందు మనసులోంచి తీసెయ్ దాన్ని."

అమ్మ తలెత్తి నావైపు చూసింది. నలభయ్యేళ్లు బురదలో వంగి నాట్లేసిన మనిషి.

"నేను అనుకుంటే వచ్చిందంటావా ఇది?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసుంటుందేమో అన్నట్టు అడిగింది. నా చేతిలో ఎక్స్‌రేలు పెట్టుకునే కవరు ఉంది. డాక్టరుకి చూపిద్దామని తీసుకొచ్చి కూడా నేను ఆ మాట అనగలిగాను. షోరూం మానేసి రెండేళ్లయినా అది నా నోట్లోనే ఉంది. ఆ మెట్ల మీద కూర్చుండిపోయాను. అమ్మ కూడా పక్కన కూర్చుంది. నేను తనకోసం కూర్చున్నాననుకుంది పాపం.

తర్వాత పాత కొలీగ్ ఒకమ్మాయికి ఫోన్ చేసి అక్క ఎక్కడుందో కనుక్కున్నాను. హనుమాన్ జంక్షన్‌లో వాళ్ల చెల్లెలు మ్యాచింగ్ సెంటర్ పెట్టిందట, అందులో కూర్చుంటోందట. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను. రోడ్డు పక్కన చిన్న షాపు. గోడనిండా జాకెట్టు గుడ్డల థాన్లు. అక్క ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒక కాలికి మోకాలి దాకా బ్యాండేజీ. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"రండి. ఏం కావాలండీ?"

నాలుగేళ్లు అమ్మాయ్ అని పిలిచిన మనిషి. అమ్మ జాకెట్టుకి లైనింగ్ కావాలన్నాను. ఏ రంగంటే చెప్పాను. థాను తీసింది. కొలిచి కత్తిరిస్తూ, నావైపు చూడకుండా అడిగింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్తారా? ఆ మాటలన్నీ మీరు నమ్మి చెప్పేవారా, ఉద్యోగం కోసం చెప్పేవారా?"

"నమ్మే చెప్పానక్కా." ఇది చెబితే కొంచెం కోపం తగ్గుతుందనుకున్నాను.

కత్తెర ఆగిపోయింది.

"ఉద్యోగం కోసం చెప్పినా బాగుండేది," అంది. "పొట్టకోసం ఎవరైనా ఏదైనా అంటారు, అది నాకు తెలుసు. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను. పాపం, దానికి మాత్రం ఎవరున్నారులే అనుకున్నాను. అంటే నువ్వు నిజంగానే నన్ను పనిదొంగననుకున్నావన్నమాట."

ఇంతలో ఒకావిడ చీర పట్టుకుని లోపలికొచ్చింది. అక్క ఆ చీర కొంగు వెలుతురుకి తిప్పి చూసి, వెనక్కి తిరక్కుండానే సరైన థాను మీద చెయ్యేసింది. ఆవిడకి గుడ్డ చింపి ఇచ్చి పంపాక నా లైనింగ్ మడిచి కవర్లో పెట్టింది.

"ఇంకేమైనా కావాలాండీ?"

క్షమించమని అడగడానికే అంత దూరం వెళ్లాను. బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను. అడిగితే ఆవిడ కాదనదు. "పర్లేదండీ, ఎప్పటి సంగతో" అంటుంది. ఆ అండీతో అంటుంది. అది వినే ధైర్యం లేక, ఇంకేం వద్దని చెప్పి కవరు తీసుకుని బయటికొచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.